మోరంపూడి దాటామండీ!

రాజమండ్రిలో జనం ఊరికే చూసిపోవడానికి వచ్చే ఇల్లు మొన్నమొన్నటిదాకా ఒకటే ఉండేది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టిన ఇల్లు. వస్తారు, గదులు తిరుగుతారు, 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిన మహానుభావుణ్ణి తలుచుకుంటారు, వచ్చిన దారినే వెళ్ళిపోతారు. ఈ వేసవిలో ఆ వరసలో మా ఇల్లూ చేరింది. తేడా అల్లా ఒక్కటే. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగొచ్చేటప్పుడు "బాత్రూం తలుపు కింద చెక్క పుచ్చిపోయిందండీ, చూసుకున్నారో లేదో" అని చెప్పిరారు.

ఇన్నీసుపేటలో మా ఇల్లు బేరానికి పెట్టాం. మావగారు కట్టించిన డాబా. గోదావరి మీద రోడ్డు కమ్ రైలు వంతెన తెరిచిన 1974లోనే దీనికీ గృహప్రవేశమైంది. ఇద్దరిదీ ఒకే ఈడు. వంతెనకి సుస్తీ చేస్తే రాకపోకలు ఆపేసి మరమ్మతు చేస్తారు. మా ఇంటికి ఆ యోగం ఎప్పుడూ పట్టలేదు. అత్తయ్యగారు, మావారు, నేను, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, సెలవులివ్వగానే వచ్చి దిగే ఆడపడుచు పిల్లలు. ఈ రాకపోకలు ఆపడం ప్రభుత్వం వల్ల కూడా కాదు.

ఎందుకు అమ్ముతున్నారంటారా? మావారికి మోకాళ్ళు, నాకు నడుము, ఇంటికి శ్లాబు, మూడూ ఒకేసారి మొదలయ్యాయి. లిఫ్టున్న ఫ్లాటు కొనుక్కుని పోదామన్నది అందరికీ చెప్పే కారణం. నా కడుపులో ఉన్న కారణం వేరు. 2027లో గోదావరి పుష్కరాలు. 2015లో ఆ పన్నెండు రోజులూ మా ఇల్లు ఇల్లు కాదు, సత్రం. ఘాట్లకి నడిచి వెళ్ళే దూరంలో ఇల్లుంటే మనకి ఎంతమంది చుట్టాలున్నారో గోదావరి తల్లి లెక్క చెబుతుంది. మా వియ్యపురాలి మేనత్త తోడికోడలుగారు వచ్చి, పరుపు మెత్తగా లేదని అలిగారు. ఆవిడకి ఇప్పటినుంచే 2027 మీద కన్నుంది, నాకు తెలుసు. అందుకని ఈలోగానే అమ్మేయాలి. ఈ సంగతి మావారికి కూడా చెప్పలేదు.

అమ్మకానికి పెట్టామనగానే మా అమ్మాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కో నించి వీడియో కాల్లోకి దిగింది. వాళ్ళు ఈమధ్యే అక్కడ ఒక ఇల్లు అమ్మి ఇంకోటి కొన్నారు. అంచేత ఆ విషయంలో దానికి తెలియనిది లేదు. అమెరికాలో ఇల్లు అమ్మే ముందు నాటకానికి రంగస్థలం అమర్చినట్టు ఇల్లంతా అమరుస్తారట. 1970ల్లో సియాటెల్ వైపు బార్బ్ ష్వార్ట్జ్ అనే ఆవిడ ఇదొక వృత్తిగా మొదలెట్టిందట. ఇంట్లో ఉన్నవాళ్ళ ఫోటోలు గోడల మీంచి తీసేయాలి. బీరువాలు సగం ఖాళీ చేయాలి, ఎందుకంటే వచ్చినవాళ్ళు తలుపులు తెరిచి చూస్తారు. గోడలకి ఏ రంగూ కాని రంగు వేయాలి. చూడ్డానికి వచ్చే ముందు ఓవెన్‌లో బిస్కట్లు కాలిస్తే ఆ కమ్మటి వాసనకి మనసు కరుగుతుందట. అన్నిటికంటే ముఖ్యం, పార్టీ వచ్చేసరికి ఇంటివాళ్ళు ఇంట్లో ఉండకూడదట.

"ఇంట్లో మనం లేకపోతే వాళ్ళని కాఫీ తాగుతారా అని ఎవరడుగుతారే?" అన్నారు అత్తయ్యగారు వెనకాల నించి.

"నానమ్మా, కాఫీ ఇవ్వకూడదు."

అత్తయ్యగారు ఆ మాట విననట్టే లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ మనవరాలు అమెరికా వెళ్ళాక ఇంత చెడిపోతుందని ఆవిడ అనుకోలేదు.

సరే, సర్దడం మొదలెట్టాం. ముందు అటక. మా అటక మీద నించి దిగినవి: ఇత్తడి గంగాళం, రెండు బొగ్గుల కుంపట్లు, గొలుసులు మాత్రం మిగిలిన ఉయ్యాల, అడుగు చిల్లిపడిన కాగు, మావారి చిన్నప్పటి క్యారం బోర్డు (కాయిన్లు లేవు), ఇంకో క్యారం బోర్డు తాలూకు కాయిన్లు (బోర్డు లేదు), పెళ్ళిళ్ళలో పేర్లు కొట్టించి ఇచ్చిన స్టీలు గిన్నెలు, ఒక పెద్ద కవరు నిండా చిన్న కవర్లు. పారేద్దామంటే అత్తయ్యగారికి ఒకటే సిద్ధాంతం. ఏ వస్తువైనా పారేసిన మర్నాడే దాంతో పని పడుతుంది. చిల్లికాగుతో ఏం పనత్తయ్యా అంటే, "పడ్డప్పుడు తెలుస్తుంది" అన్నారు.

పారేయడానికి లేదు, ఉంచడానికి లేదు. చివరికి మమ్మల్ని ఆదుకున్నది పక్కింటి పిన్నిగారు. వాళ్ళ పెరటివైపు వాటాలో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు. ప్రహరీ గోడ అవతల నించి ఆవిడ, ఇవతల నించి మేము. గంగాళం వెళ్ళింది, క్యారం బోర్డులు వెళ్ళాయి, వెట్ గ్రైండరు వెళ్ళింది, కొడుకు ఒళ్ళు తగ్గించుకోవడానికి కొనుక్కుని తడి తువ్వాళ్ళు ఆరేసుకుంటున్న సైకిలు కూడా వెళ్ళింది. మావారు ఇవతల నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అనే భారం మోశారు.

ఇక అసలు గండం బ్రోకరుతో. మనిషి మంచివాడే. మా దగ్గర ఒక శాతం, కొనేవాళ్ళ దగ్గర ఒక శాతం. ముందురోజు చెప్పి తీసుకురావయ్యా అంటే "ఆయ్, అలాగేనండమ్మగారూ" అంటాడు. మర్నాడు మేం ఇంకా పళ్ళు తోముకుంటూండగానే ఫోను. "పార్టీని తీసుకొచ్చేస్తున్నానండి, మోరంపూడి దాటామండీ!"

మోరంపూడి అంటే హైవే మీద జంక్షను. అక్కణ్ణించి మా వీధికి కారులో ఇరవై నిమిషాలు వేసుకోవచ్చు. ఇరవై నిమిషాల్లో హాలు, రెండు పడగ్గదులు, వంటింటి గట్టు అవుతాయి. దేవీచౌక్ నించి ఫోనొస్తే హాలొక్కటే అవుతుంది. వీధి మొదట్లో నించి వస్తే ఏదీ కాదు. కనబడ్డవన్నీ చిన్నగదిలోకి తోసేసి, గొళ్ళెం పెట్టి, దాని ముందు కుర్చీ వేసి అత్తయ్యగారిని కూర్చోబెట్టడమే. ఎనభై దాటిన పెద్దావిణ్ణి లేచి పక్కకి జరగమనే ధైర్యం జిల్లాలో ఎవరికీ ఉండదని మా లెక్క.

ఎవరి డ్యూటీ వాళ్ళకుంది. కోడలు వంటిల్లు చూస్తుంది. స్కూల్లో టీచరు కాబట్టి పెద్దవాళ్ళని కూడా వరసలో నిలబెట్టగలదు. కొడుకు హాల్లో దండెం విప్పుతాడు. హాల్లో దండెం ఎందుకని అడక్కండి, ఫ్యాను ఉన్నచోట దండెం ఉంటుంది. మనవలు చెప్పులు, బూట్లు, క్రికెట్ బ్యాట్లు మంచం కిందకి తంతారు. నేను పక్క దుప్పట్లు మారుస్తాను. మావారి పని పాత పేపర్లు తీసి కట్టకట్టడం. కానీ పాత పేపరు తియ్యాలంటే దాని మీద తను చదవని వార్త ఉండకూడదు కదా. పార్టీ గుమ్మంలో అడుగుపెట్టేసరికి ప్రతిసారీ ఆయన నేల మీద పేపర్ల మధ్య కూర్చుని, మొన్న శివరాత్రినాటి వార్త గురించి "ఏవే, ఇది చూశావా?" అంటూ ఉంటారు.

తోసేయడానికి చోటు చాలకపోతే వాషింగ్ మెషీన్ ఉంది. ఈ రెండు నెలల్లో అది ఉతికిన బట్టల కంటే దాచిన వస్తువులే ఎక్కువ. ఒకసారి అందులో ఏముందో చూసుకోకుండా మా అబ్బాయి స్విచ్చి వేశాడు. టీవీ రిమోటు తళతళలాడుతూ బయటికొచ్చింది. ఛానళ్ళు మాత్రం మారవు.

ఈ బాధలన్నిటి మధ్య మాకు దిక్కయింది పంచాంగం. అసలే పంచాంగాలు, వ్రతకథలు అచ్చేసి ఊళ్ళకి పంపే ఊరు మాది. ఇల్లు చూడ్డానికి మంగళవారం ఎవరూ బయల్దేరరు. అమావాస్యనాడు ఊసెత్తరు. ఆదివారం సెలవని అందరూ ఎగబడతారు గానీ, సాయంత్రం నాలుగున్నర నించి ఆరు దాకా రాహుకాలం. శుక్రవారం పదిన్నర నించి పన్నెండు. శనివారం తొమ్మిది నించి పదిన్నర. ఆ గంటన్నర మాది. దండెం కట్టుకుంటాం, కాళ్ళు చాపుకుంటాం, మంచం మీదే తింటాం. పెళ్ళయి ఇన్నేళ్ళలో రాహుకాలానికి నేను మనసారా దణ్ణం పెట్టుకున్నది ఈ వేసవిలోనే. ఆషాఢం వస్తే నెల్లాళ్ళు ఇల్లు తుడవక్కర్లేదని కోడలు క్యాలెండరు మీద గుండ్రంగా గీత గీసి పెట్టింది.

అమ్మాయి మాట మీద ఫోటోలు తీశాం. అత్తయ్యగారు చాలాసేపు గింజుకున్నారు. "ఇల్లు కట్టినాయన్నే ఇంట్లోంచి దింపేస్తార్రా?" ఆవిడకి నచ్చజెప్పి, మావగారిని, వారి అన్నదమ్ముల్ని, మా అమ్మనీ నాన్ననీ జాగ్రత్తగా దుప్పటిలో చుట్టి దించాం. దించాక తెలిసింది. గోడ మీద ఫోటో ఉన్నంత మేరా పాత రంగు పసిపసిగా మిగిలింది, చుట్టూ ఉన్నది మాత్రం పొగచూరి ఉంది. ఒక్కో చోట దండ వేలాడిన మేర వంపుగా మచ్చ, పైన మేకు. ఆ సాయంత్రం వచ్చినాయన గోడకేసి తేరిపార చూసి, "ఒక్క హాలుకే ఇన్ని ఏసీలా అండీ?" అన్నాడు. మర్నాడే ఎవరి మచ్చలోకి వాళ్ళని తిరిగి ఎక్కించాం.

ఎక్కించాక ఇంకో చిక్కు. ఆ తర్వాత వచ్చినావిడ దండలున్న ఫోటోలు ఒక్కోటే వేలు పెట్టి లెక్కపెట్టింది.

"వీళ్ళంతా ఈ ఇంట్లోనే పోయారా అండీ?"

"ఇంట్లో కాకపోతే కోటిపల్లి బస్టాండులో పోతారేంటమ్మా?" అన్నారు అత్తయ్యగారు.

అప్పటికి నాకొకటి అర్థమైంది. మన వైపు ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇల్లు చూడరు. ఇంటివాళ్ళని చూస్తారు. ఎన్ని గజాలో అడిగేలోపు ఇంటిపేరు అడుగుతారు. సొంతూరేది, పిల్లలెంతమంది, ఎక్కడెక్కడ స్థిరపడ్డారు, అమెరికా అమ్మాయికి అక్కడ ఇల్లుందా, కోడలిది ఏ ఊరు, మావగారికి ఎన్నేళ్ళొచ్చాయి. ఇవన్నీ ఊసుపోక అడిగేవి కావు. ఇల్లు వీళ్ళకి అచ్చొచ్చిందా లేదా అన్నది తేల్చుకోవడానికి. గోడలో బీట కనబడితే సిమెంటు పూస్తారు, ఇంట్లో అచ్చిరానిది ఉంటే ఏం పూస్తారు? కాబట్టి అమెరికాలో ఇంటివాళ్ళ ఆనవాళ్ళు చెరిపేస్తే ధర పెరిగితే పెరగొచ్చు గానీ, ఇక్కడ చెరిపేస్తే అనుమానం పెరుగుతుంది. మేం అంత కష్టపడి సర్దిన హాలు చూసి ఒకాయన బ్రోకరు చెవిలో, మాకు వినబడేలాగే అడిగాడు. "సామానేదీ లేదేంటయ్యా? అప్పులవాళ్ళు గాని పట్టుకుపోయారా?"

ఆ రాత్రికి రాత్రే పిన్నిగారింటి నించి గంగాళం వెనక్కి తెచ్చి హాల్లో పెట్టి, అందులో మనీప్లాంట్ వేశాం. గంగాళం ఉన్న కొంప అంటే కలిగిన కొంప అన్నట్టే.

ఎందుకు అమ్ముతున్నారు అనే ప్రశ్నకి కూడా ఇంటిల్లిపాదీ ఒకే మాట చెప్పాలని బ్రోకరు బతిమాలుకున్నాడు. మావారు మోకాళ్ళన్నారు. అబ్బాయి హైదరాబాదు బదిలీ అన్నాడు. అత్తయ్యగారు "నన్నెవరూ అడగలేదమ్మా" అన్నారు. మా చిన్న మనవడైతే, "వాన పడితే నాలుగు బకెట్లు పెట్టాలంకుల్, ఒక బకెట్ నాదే" అని గర్వంగా చెప్పాడు.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది మాత్రం భీమవరం నించి వచ్చిన దంపతులు. చేపల చెరువుల మీద బాగా సంపాదించారట. మా ఇల్లు వాళ్ళకి నచ్చింది. వంటిల్లు నచ్చింది, డాబా మీద గాలి నచ్చింది. ఆవిడ అప్పుడే ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో కొలుస్తోంది. బ్రోకరు నాకేసి చూసి కళ్ళతోనే ఒక శాతం నవ్వాడు. సరిగ్గా అప్పుడు ఆయన వెళ్ళి అత్తయ్యగారి పక్కన కూర్చుని, "గోదారి దగ్గర కదండీ పెద్దమ్మగారూ, ఎప్పుడైనా వరదకి ఇబ్బంది పడ్డారా?" అని అడిగాడు.

"అయ్యో, పడకేం బాబూ! ఎనభయ్యారు వరద చూశావా నువ్వు? ఈ హాలంతా నిండిపోయిందనుకో. కాలు పెట్టడానికి లేదు. వంటింట్లోకి కూడా వచ్చేశారు."

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద అది. లంకలన్నీ మునిగిపోతే, మా అత్తయ్యగారి పుట్టింటివాళ్ళు, వాళ్ళ చుట్టుపక్కలవాళ్ళు పిల్లాపాపలతో వచ్చి మా హాల్లో తలదాచుకున్నారు. హాలు నిండింది మనుషులతో. అత్తయ్యగారు చెప్పేది వాళ్ళకి వండిపెట్టిన వైనం. ఆయన చెవికెక్కింది వరద, హాలు, నిండిపోవడం. "వచ్చేశారు" అన్నారే గానీ "వచ్చేసింది" అనలేదు కదండీ అని నేను వ్యాకరణం చెప్పేలోపే ఆవిడ టేపు చుట్టేసింది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి, "పెద్దమ్మగారూ, అప్పుడెలా తప్పించుకున్నారండీ?" అని జాలిగా అడిగి మరీ వెళ్ళింది.

వాసన సంగతి కూడా చెప్పాలి. బిస్కట్లు కాల్చడానికి మా ఇంట్లో ఓవెన్ లేదు. ఆదివారంనాడు మా అబ్బాయి కొర్రమీను తెచ్చాడు. పులుసు పొయ్యి మీద మగ్గుతూండగా "దేవీచౌక్ దాటామండీ" అని ఫోను. అమ్మాయి చెప్పిన కమ్మటి వాసన ఇదే అనుకోమని కోడలితో అన్నాను. వచ్చినాయన గుమ్మంలోనే ఆగి కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు. ఇల్లంతా చూసినా ఒక్క ప్రశ్న వేయలేదు. వెళ్ళేటప్పుడు ధర అడిగాడు. మావారు ఉత్సాహంగా గజం రేటు చెప్పబోతే, "అది కాదండీ, కొర్రమీను కిలో ఎంత పడింది?" అన్నాడు.

వాస్తు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ. పూర్వం దిక్సూచి పట్టుకొచ్చేవారు, ఇప్పుడు ఫోన్లో ఉంటుంది. ఈశాన్యంలో నుయ్యి ఉందంటే సంతోషం, దాన్ని పూడ్చలేదంటే ఇంకా సంతోషం, ఆగ్నేయంలో వంటిల్లు అంటే తల ఊపడం. ఈ దాకా అందరూ చేసేదే. ఒకాయన మాత్రం తిరిగి తిరిగి సరాసరి చిన్నగది ముందు ఆగారు.

"అమ్మగారూ, నైరుతి మూల ఇదే కదండీ. ఈ గది చూడాలి."

మేం అందరం అత్తయ్యగారికేసి చూశాం. ఆవిడ కదల్లేదు. సిద్ధాంతిగారు రెండు చేతులూ జోడించి, "తల్లీ, తమరు కొంచెం లేస్తే..." అన్నారు. దణ్ణం పెట్టి అడిగితే ఆవిడ మాత్రం ఏం చేస్తారు? లేచారు. కోడలు గోడ వైపు తిరిగి నిలబడింది. గొళ్ళెం తీశారు. ముందు పరుపులు జారాయి. తర్వాత ఇస్త్రీ బల్ల, చాటలు, పిల్లల స్కూలు బ్యాగులు, ఉల్లిపాయల బుట్ట, మడత పెట్టని వారం రోజుల బట్టలు, వాటి వెనక మావారి పేపర్ల కట్ట. సిద్ధాంతిగారి పాదాల మీదికి ఉల్లిపాయలు ఒక్కోటే దొర్లుకుంటూ వచ్చి ఆగాయి. ఆయన కాసేపు అలాగే చూసి, పార్టీ వైపు తిరిగారు.

"దివ్యంగా ఉంది. నైరుతిలో బరువుండాలి. వీళ్ళెవరో శాస్త్రం తెలిసినవాళ్ళు."

ఆయన చెప్పినా బేరం కుదర్లేదు. ఇంకెక్కడో అప్పటికే బయానా ఇచ్చారట, ఇది కేవలం మనసు కుదుటపడటానికి చూశారట.

ఆవకాయ రోజు రావద్దని బ్రోకరుకి ముందే ఒట్టు వేయించుకున్నాను. అయినా వచ్చారు. కాయ కొట్టించి తెచ్చి, హాలంతా పాత చీరలు పరిచి, ముక్కలు తుడుస్తూ ఉన్నాం. వచ్చినావిడది అమలాపురం వైపు. ఇల్లు చూడమంటే, "ఉండండి, చూద్దాం" అని కొంగు దోపుకుని మాతోపాటు నేల మీద కూర్చుంది. ముక్కలు తుడిచింది. టెంక వదిలిన ముక్క పనికిరాదని ఏరి అవతల పడేసింది. నేను కలిపిన పాళ్ళు నాలిక మీద వేసుకుని చూసి ఉప్పు ఇంకో గుప్పెడు పడాలంది. పడదని అత్తయ్యగారు. చూడండి, మూడోరోజు తెలుస్తుందని ఆవిడ. వాళ్ళాయన పాపం మావారితోపాటు అరుగు మీద కూర్చుని, మావారి పన్నుల ప్రసంగం విన్నాడు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి లాభం మీద పన్నెండున్నర శాతం కట్టాలా, ద్రవ్యోల్బణం లెక్క తీసేసి ఇరవై శాతం కట్టాలా అన్నది మావారికి ఇప్పుడు ప్రాణప్రదమైన విషయం. ఇల్లు అమ్ముడుపోకపోయినా పన్ను మాత్రం రెండు రకాలుగానూ వేసి పెట్టుకున్నారు. ఆవిడ వెళ్ళేటప్పుడు చిన్న సీసాడు కొత్తావకాయ పట్టుకెళ్ళింది. ఇల్లు చూడనే లేదు. మూడోరోజు ఫోన్ చేసి, "ఉప్పు సరిపోయిందా అండీ?" అని అడిగింది. సరిపోలేదు. ఆ సంగతి అత్తయ్యగారికి ఇంతవరకూ తెలియదు.

చివరికొచ్చినవాడు ఎవరికీ ఫోన్ చేయకుండా వచ్చాడు. పొద్దున్న ఏడింటికి బైకు మీద ఒక కుర్రాడు దిగి, మా గేటు బయట నిలబడి వీధి వెడల్పు చూస్తున్నాడు. బిల్డరట. నేను గాభరాగా చీర సవరించుకుని, లోపల "దండెం! దండెం!" అని కేకేశాను.

"అక్కర్లేదండీ ఆంటీ, లోపలికి రాను. ఫ్రంటేజీ ఎంతో చూసుకుంటే చాలండి."

"ఇల్లు చూడవా బాబూ?"

"ఇల్లు లెక్కలోకి రాదండి. సైటు రేటేనండి. ఇది పడగొట్టించడానికి మళ్ళీ నాకే ఖర్చండి. గుమ్మాలు టేకువైతే ఆ డబ్బులు కూలీలకి సరిపోతాయండి."

ఇంత నిజం అంత మర్యాదగా చెప్పగలిగింది మా జిల్లావాళ్ళే. అంబాజీపేట దగ్గర మా మేనమామగారి మండువా లోగిలి అమ్మినప్పుడు ఇందుకు తిరకాసుగా జరిగింది. అన్నదమ్ముల వాటాలు తేలక స్థలం అలాగే ఉండిపోయింది. స్తంభాలు, దూలాలు, చెక్కిన ద్వారబంధాలు మాత్రం పాత కలప వ్యాపారి లారీకెత్తుకుపోయాడు. అటక మీద కురిడీ కోసం దాచిన కొబ్బరికాయలు ఒక్కటే వాళ్ళకి మిగిలాయి. అక్కడ ఇల్లు పోయి స్థలం మిగిలింది. ఇక్కడ స్థలానికే బేరం, ఇల్లు ఎవరికీ అక్కర్లేదు. మరి ఇన్నాళ్ళూ మేం తుడిచిందేవిటి?

ఈ మాటలన్నీ అత్తయ్యగారి చెవిన పడ్డాయి. కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చారు.

"ఏం నాయనా, చూడకుండా కొంటావా? వంకాయలైనా ముచ్చిక చూసి తీసుకుంటారే. చెప్పులిప్పి లోపలికి రా."

చేసేది లేక వచ్చాడు. ఆవిడ ఒక్క గదీ వదల్లేదు. రాత్రి పిల్లలు పడుకున్న పక్కలు ఇంకా తీయలేదు, వంటింటి గట్టు మీద నిన్నటి గిన్నెలు, హాల్లో నిండా దండెం. తడి లంగాల కిందనించి వంగి వంగి నడిచాడు. మావగారు భద్రాచలం అడవుల నించి తెప్పించిన టేకు తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూపించారు. నుయ్యి మూత తీయించారు. ఎనభయ్యారు వరదలో ఎవరెక్కడ పడుకున్నారో గీతలు గీసినట్టు చెప్పారు. చిన్నగది కూడా ఆవిడే గొళ్ళెం తీసి చూపించారు. అన్నిటికీ "బాగుందండి, బాగుందండి" అన్నాడు. కాఫీ తాగాడు. కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఇంటికి విలువ కట్టలేదు గానీ కూర్చున్నంతసేపూ చక్కగా కూర్చున్నాడు. రెండు నెలల్లో ఇల్లు మొత్తం చూసినవాడు అతనొక్కడే.

చెప్పిన రేటు మావారి లెక్కకి దగ్గర్లోనే ఉంది. రిజిస్ట్రేషను ఖర్చు ఏడున్నర శాతం తనదేనన్నాడు. లింకు డాక్యుమెంట్లు చూపించమంటే, వారం నించి బీరువాలన్నీ గాలిస్తున్నా దొరకని 1972నాటి దస్తావేజు అత్తయ్యగారి ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున దొరికింది. "అమ్మేస్తారేమోనని దాచాను" అన్నారావిడ నిమ్మళంగా. ఈ కుర్రాడికి మాత్రం తీసి చూపించారు. కాళ్ళకి దణ్ణం పెట్టాడు కదా.

ఒక్కటే మెలిక. మా స్థలం ఒక్కటీ అపార్టుమెంటుకి చాలదట. పక్కింటి స్థలం కూడా కలిస్తే రెండూ తీసుకుంటానన్నాడు. ఆ సాయంత్రమే మావారు వెళ్ళి పిన్నిగారి చెవిన వేసి వచ్చారు.

మర్నాడు పొద్దున్న ప్రహరీ గోడ మీంచి మా వెట్ గ్రైండరు తిరిగొచ్చింది. దాని వెనకాల మా సైకిలు, రెండు క్యారం బోర్డులు, చిల్లికాగు. సరేలే, ఇచ్చేస్తున్నారు అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన వెట్ గ్రైండరు మాది కాదు. కుట్టుమిషనూ మాది కాదు. నవారు మంచం, రెండు పందిరి పట్టెలు, దోమతెరల మూట, మూతల్లేని జాడీలు, జాడీల్లేని మూతలు. గోడ అవతల పిన్నిగారు మడమలెత్తి నిలబడి ఒక్కోటే అందిస్తున్నారు.

"ఇవెందుకండీ పిన్నిగారూ? ఆ అబ్బాయి ఇల్లు చూడనంటున్నాడుగా?"

"అతను చూడడమ్మా. మీ అత్తగారు చూపిస్తారు" అన్నారావిడ ఆయాసపడుతూ. "ఇవి ఆ చిన్నగదిలో పడేయించు. నైరుతిలో బరువుంటే మంచిదటగా!"